సైగాన్‌లో సెలీన్ తీసిన ఫోటో

కోలారు బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో ఎవరింట్లో చావు జరిగినా మొదటి కబురు ఫాదర్‌కి, రెండో కబురు సెలీన్‌కి పోయేది. శవాన్ని పెట్టెలో పడుకోబెట్టి, చుట్టూ బిడ్డల్ని నిలబెట్టి ఒక ఫోటో తీస్తేగాని ఆ గని కూలీల ఇళ్ల లైన్లలో పెట్టెకు మూత వేయరు. ఇరవైమూడేళ్లుగా ఆ పని సెలీన్‌దే.

కోరి ఎంచుకున్న పని కాదు. గనులు మూసేసిన ఏడాదే, ఊపిరితిత్తుల నిండా దుమ్ము పేరుకుని వాళ్ల నాన్న పోయాడు. వస్తానన్న ఫోటోగ్రాఫర్ రాలేదు. పంతొమ్మిదేళ్ల సెలీన్ పక్కింట్లో కెమెరా అడిగి తెచ్చుకుని, కంట నీటిచుక్క లేకుండా తానే తీసింది. జనం ఆ ధైర్యాన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకుని, ఆమెను ఆ పనికే కట్టిపడేశారు. పెళ్లికి ఒక్కరు పిలిచింది లేదు. బిడ్డకు జ్ఞానస్నానం అంటే ముళబాగిలు నుంచి ఎవరినో రప్పించుకునేవాళ్లు. ఆమె వట్టి చేతులతో చుట్టంగా పోయినా సరే, ఆడవాళ్లు ముందు ఆమె భుజం వైపే చూసేవాళ్లు, కెమెరా సంచి ఉందేమోనని. వెనకాల ‘పెట్టె సెలీన్’ అనేవాళ్లు. ఆ పేరు ఆమెకు తెలుసు.

బెంగళూరులో శశి అనే ఆయన వీధి ఫోటోలు తీయడం నేర్పిస్తాడు. ఏటా ఒక గుంపును ఏదో దేశానికి వెంటబెట్టుకుపోతాడు. పోయినేడు వియత్నాంలోని సైగాన్. కోలారు జిల్లావాళ్లకని ఒక సీటు ఉచితంగా పెట్టి, ఫోటోలు పంపమన్నాడు. మారికుప్పం స్టేషన్లో పొద్దున్నే రైలెక్కే జనాన్ని తీసి పంపింది సెలీన్. సీటు ఆమెకే వచ్చింది.

తల్లి ఫిలోమినా సంచి సర్దుతూ ఒకటే మాట అంది. “బతికుండేవాళ్లను తీసుకోని రా పాపా.”

గుంపులో ఎనిమిది మంది. హోటల్లో సెలీన్‌తో ఒకే గదిలో దిగింది పుష్పావతి, ముళబాగిలు బ్యాంకులో ఉద్యోగం. మొదటి రెండు రోజులు సెలీన్‌కి ఒళ్లు తెలియలేదు. ఎటు చూసినా మోటారుసైకిళ్లు, ఫుట్‌పాత్ మీదికి కూడా ఎక్కొచ్చేస్తున్నాయి. జానెడెత్తు ప్లాస్టిక్ స్టూళ్ల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఐసు వేసిన కాఫీ తాగే ముసలోళ్లు. గోడకు అద్దం తగిలించి రోడ్డు పక్కనే గడ్డాలు గీసే మంగలి. సెలీన్ కెమెరా చూపించి, తీయనా అన్నట్టు తల ఊపితే, అతను ముందు తన జుట్టు దువ్వుకున్నాడు. ముఖం నిండా నురగతో ఉన్న మనిషి మెడ చుట్టూ చెయ్యేసి దగ్గరికి లాక్కున్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. తను కెమెరా ఎత్తితే మనుషులు నవ్వడం సెలీన్ చూసింది అప్పుడే.

“నన్నూ ఒకటి తీయక్కా,” అని పుష్పావతి కొత్తగా కొన్న తాటాకు టోపీ పెట్టుకుని నిలబడింది. సెలీన్ తీసి, అక్కడికక్కడే ఆమె ఫోన్‌కి పంపింది.

మూడోనాటి సాయంత్రం శశి అందరి ఫోటోలూ హోటల్ టీవీలో పెట్టి చూశాడు. సెలీన్‌వి రాగానే మొహం చిట్లించాడు.

“ఏందమ్మా, అందర్నీ ఇట్లా బిగదీసి నిలబెట్టినావు? అడిగితే మొకంలో ఉండేదంతా పోతాది. అడగొద్దు. దగ్గిరికి పోయి ఫోటో కొట్టెయ్. ఊర్లో ఏం ఫోటోలు తీస్తావు నువ్వు?”

సెలీన్‌కి అబద్ధం తోచలేదు. “చావు ఫోటోలు సార్. పెట్టెలో పెట్టినాక.”

ముందు శశే నవ్వాడు. “అదే మరి! వాళ్లయితే కదలరు, నీకు సులువు.” దాంతో అందరూ నవ్వారు. సెలీన్ కూడా నవ్వింది, ఏం చేయాలో తెలీక.

పొద్దున టిఫిను దగ్గర పుష్పావతి వచ్చి కూర్చోకుండా నిలబడే అడిగింది. “అక్కా, ఏమీ అనుకోవద్దు. మొన్న నువ్వు తీసిన నా ఫోటో తీసేస్తావా? ఇంట్లో నాకు చిన్నబిడ్డ ఉండాది.”

“నీ ఫోన్లో?”

“అది రాత్రే తీసేసినా. నీ కెమెరాలోది నా ఎదురుగానే తీసెయ్. చూసి పోతాను.”

సెలీన్ వెతికి పట్టుకుంది. టోపీ కింద నోరంతా తెరిచి నవ్వుతున్న పుష్పావతి. బటన్ నొక్కింది. పుష్పావతి వంగి, పోయిందని చూసుకుని, తన ప్లేటు తీసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం మార్కెట్టు వీధిలో ఒక ముసలామె కావడి భుజానేసుకుని పోతూ ఉంది, రెండు బుట్టల నిండా పంపరపనస కాయలు. మలుపు తిరుగుతున్న మోటారుసైకిల్ ఒకటి వెనక బుట్టను తగిలి ఆగకుండా పోయింది. ముసలామె బోర్లా పడింది. కాయలు రోడ్డంతా దొర్లాయి, చక్రాల కింద పడి పగిలాయి.

“ఫోటోలు కొట్టండప్పా, కొట్టండి!” అని శశి అరిచాడు. అందరూ చుట్టుముట్టారు.

అందరికన్నా ముందు పోయింది సెలీన్. మోకాళ్ల మీద కూలబడి మూడడుగుల దూరంలో కెమెరా పట్టుకుంది. నుదురు చిట్లి రక్తం కారుతున్న ముసలామెకు అంత దగ్గర్లో కనిపించింది ఈమె ఒక్కతే. లేపమన్నట్టు చెయ్యి చాపింది. ఆ చెయ్యి ఫ్రేములో పట్టలేదు. సెలీన్ ఒకడుగు వెనక్కి జరిగింది. ఇప్పుడు పట్టింది. ముసలామె ఏదో అంది, మళ్లీ అంది. చెయ్యి అలాగే గాల్లో ఉంది. సెలీన్ పదకొండు ఫోటోలు తీసింది.

బస్సులో శశి ఆమె కెమెరా పైకెత్తి అందరికీ చూపించాడు. “చూడండి, ఇదీ ఫోటో అంటే! మీరెవురూ దీని దరిదాపుల్లో లేరు.” చప్పట్లు కొట్టారు. పుష్పావతి వచ్చి సెలీన్ పక్కన కూర్చుని, భుజం మీద తల ఆనించి సెల్ఫీ తీసుకుంది. “మా వాళ్లకు చూపిస్తానక్కా.” సెలీన్‌కి గుండె నిండిపోయింది. బస్సు కదిలి చాలా దూరం పోయాక గాని ఆమెకు ఆ వీధిలో పడి ఉన్న ముసలామె గుర్తుకు రాలేదు.

తిరిగొచ్చాక బెంగళూరులో జరిగిన ఫోటోల ప్రదర్శనలో ఆ ఫోటోకే మొదటి బహుమతి. పేపర్లో పడింది. ‘పెట్టె సెలీన్’ పోయి ‘వియత్నాం సెలీన్’ అయింది. ముళబాగిలు నుంచి మొదటి పెళ్లి పిలుపు వచ్చింది, ఆ వెనకే ఇంకో రెండు. పిలిచినవాళ్లందరూ ఫోటోలోని ముసలామెకు ఏమైందని అడిగేవాళ్లు. “మేమే లేపి కూర్చోబెట్టి నీళ్లు తాపినాము. బాగానే ఉండాది,” అని చెప్పేది సెలీన్. చెప్పగా చెప్పగా నీళ్ల సీసా రంగుతో సహా చెప్పడం అలవాటైంది.

తల్లి ఫిలోమినా మాత్రం పేపరు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

“ఈమెను ఎవురు లేపినారు పాపా?”

తల్లి దగ్గర ఆ నీళ్ల కథ నోటికి రాలేదు. “తెలీదుమా. మేము బస్సెక్కేసినాము.”

“నువ్వు ఇంత దగ్గర ఉండావు కదా?”

“ఇంగ చాల్లేమా!” అని సెలీన్ కసిరింది. “ఇన్నేండ్లకు నన్ను మనిషిగా చూస్తా ఉండారు. నీకు ఎవురో ముసల్ది కావల్సి వచ్చిందా?”

ఫిలోమినా పేపరు మడిచి కూతురి చేతిలో పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా తనంతట తాను లేచి లోపలికి పోయింది. సెలీన్ కెమెరా బ్యాటరీలు చార్జింగుకు పెట్టింది. మర్నాడు ముళబాగిలు పెళ్లికి తెల్లారకముందే బస్సు పట్టుకోవాలి.