పంచమం దాటని ప్రశ్న

నేను స్వచ్ఛంద విరమణ తీసుకోవడానికి రెండేళ్ళ ముందు, ఒక మే నెలలో, విశాఖలోని ఒక సంగీత కళాశాలలో గాత్రం సర్టిఫికెట్ ప్రాక్టికల్స్‌కి నన్ను ఎక్స్‌టర్నల్‌గా వేశారు. అంటే బయటి కాలేజీ నుంచి వచ్చి మార్కులు వేసే మనిషి. పక్కన ఇంటర్నల్, అక్కడి పిల్లలకి పాఠం చెప్పిన సూర్యారావు గారు. చివరి మాట నాది. ఆ అధికారం నాకు బాగానే నచ్చేదని ఒప్పుకోవాలి.

రాగం గుర్తుపట్టే ప్రశ్నకి పది మార్కులు. స్వరాన్ని ఊపే గమకాలేవీ లేకుండా, స నుంచి పంచమం దాకా, అంటే స, రి, గ, ప స్వరాలనే అటూ ఇటూ తిప్పి పాడి, రాగం పేరు అడుగుతున్నాను. జవాబు మోహన. పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళందరూ తడుముకోకుండా మోహన అన్నారు. సూర్యారావు గారు బాగా తయారుచేశారే అనుకున్నాను.

భోజనాల ముందు గౌరి వచ్చింది. ఎలమంచిలి అమ్మాయి, ద్వారకా నగర్‌లో ఒక బడిలో తాత్కాలికంగా సంగీతం చెబుతోంది. సర్టిఫికెట్ చూపిస్తేనే జూన్ నుంచి ఉంచుకుంటారట. అప్పటికే కీర్తనలో చరణం మరిచిపోయింది. ఈ పదీ పోతే తప్పినట్టే. తనకీ అవే స్వరాలు పాడి రాగం అడిగాను.

"సెప్పలేను మేడం," అంది.

"ఇంతమంది చెప్పారు. నీకేం వచ్చింది?" అన్నాను. నా నోరు అలాంటిది.

"మోహనే అడుగుతన్నారని బయట సెప్పీసినారండి. నానూ అనీగలను. కానీ మీరు పంచమం దాటనేదు కదా. పైన ద వస్తే మోహన, ని వస్తే హంసధ్వని. మీరు పాడింది రెండిట్లోనూ ఉంది. ఇప్పుడేటి సెప్పమంటారు?"

సూర్యారావు గారు కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటున్నారు. ఆయన క్లాసులో తెలీదన్నా మార్కులుంటాయట, ఇంకేం వింటే తెలుస్తుందో చెప్పగలిగితే.

నాకు ఒళ్ళు మండింది, ఆ పిల్ల అన్నది నిజం కాబట్టి. పంతానికి మళ్ళీ ఎత్తుకుని ఈసారి ప దాటి నిషాదం, అంటే ని, పట్టాను. స్వరం పూర్తికాకముందే "హంసధ్వని" అంది. పదికి పది వేశాను. గట్టెక్కింది.

తర్వాత ముందు పాడినవాళ్ళందరినీ వెనక్కి పిలిచి, ఒక్కొక్కరికీ వేరే రాగం పాడాను. సగంమంది నీళ్ళు నమిలారు. "నీ తెలివి తగలెట్ట, గౌరీ!" అన్న మాట వరండాలోంచి నాకూ వినిపించింది.

అన్నేళ్ళ సర్వీసులో నేను పిల్లల చెవిని పరీక్షిస్తున్నాననే నమ్మాను. ఎన్నిసార్లు వరండా కబుర్లకే మార్కులు వేశానో తెలీదు. ఆ రోజు నుంచి రాగం పేరుతో పాటు, ఏ స్వరం విని చెప్పావని కూడా అడిగాను. చెప్పలేకపోతే సగం మార్కులే. ఫిర్యాదులు వచ్చాయి. నేను మార్చలేదు.