మూలకు తిరగని ట్రాక్టరు

మా హనోకన్న ట్రాక్టరు మూలకు తిరిగేది కాదు. బోధన్ చుట్టుపక్కల కిరాయికి నడిచిన బండ్లలో చేను దున్ని మూలలు వదిలేసి పోయేది అదొక్కటే. నడిమధ్య అంతా నున్నగా దున్నేది. మూల దగ్గరికి వచ్చేసరికి కొత్త కోడలిలా పక్కకు తప్పుకునేది.

"అన్నా, మూలలు మిగిలినయి," అనేవాణ్ణి.

"బండి తిరుగుతలేదు రాజలింగూ," అనేవాడు, సీటు దిగకుండానే.

ఏ ట్రాక్టరుకైనా మూలల్లో కాస్త మన్ను మిగులుతుంది, కాదనను. కానీ ఈయన వదిలిన మూలలో పెళ్లిపందిరి వేసి బంతి భోజనాలు పెట్టొచ్చు. అడిగితే ఒకసారి స్టీరింగు బిగుసుకుందన్నాడు. ఇంకోసారి టైరుకు నడుం నొప్పి అన్నాడు. టైరుకు నడుమెక్కడిదంటే, "నడిపేటోనికి తెలుస్తది," అన్నాడు. లింబయ్య చేనులో అయితే మూలనున్న కొంగను చూసి బండి బెదిరిందన్నాడు. లింబయ్య తిట్టిన తిట్లకు కొంగ లేచిపోయింది గానీ, ట్రాక్టరు మాత్రం తిరగలేదు.

అయినా ఆయన్నే పిలిచేవాళ్లం. మావి ఎకరం, అరెకరం చెలకలు. పెద్ద ఆసాముల బండ్లు మా గెట్టు వైపు చూసేవి కావు.

మిగిలిన మూలలు దున్నడానికి ఎర్రయ్య రావాలి. హనోకన్న బండి కొనకముందు ఊరి చేన్లన్నీ కిరాయికి దున్నింది ఎర్రయ్య జోడెడ్లే. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయనకు ఇల్లూ వాకిలీ ఆ ఎడ్లే. ట్రాక్టరు వచ్చాక వాటిని అంగడికి తోలి అమ్మక తప్పదని ఊరంతా అనుకున్నాం. ఆ మూలల పుణ్యాన నిలిచాయి.

ఎర్రయ్య కాడి కట్టుకొచ్చి, దున్నేముందు తీరిగ్గా నవ్వేవాడు.

"ఏం రా హనోకూ, గింత ఇనుము కొంటివి, దీనికి మూల తెల్వదా?"

"తెల్వదన్నా. నీ ఎడ్లకున్న తెలివి దీనికేడిది."

చూసేవాళ్లంతా పగలబడి నవ్వేవాళ్లు. హనోకన్న వాళ్లకంటే ఎక్కువ నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. ఇంత సిగ్గులేని మనిషి మా ఊళ్లోనే పుట్టాలా అనుకునేవాణ్ణి.

ఒక ఏడు చెరుకు సీజన్లో ఆయన ట్రాలీ మీద నేనూ ఫ్యాక్టరీకి పోయాను. గేటు దగ్గర ముందూ వెనకా బండ్లు ఇరుక్కున్నాయి. అరుపులూ, బూతులూ. హనోకన్న మెడ వెనక్కి తిప్పి, నిండు చెరుకు ట్రాలీని వంకరగా వెనక్కి తోలి, రెండు ఎడ్లబండ్ల నడుమ నుంచి ఒక్క ఎద్దు తోకకైనా తగలకుండా తెచ్చి తూకం ముందు నిలబెట్టాడు. ట్రాలీని వెనక్కి తోలడమంటే ఏమిటో తోలినవాణ్ణి అడగండి.

"అన్నా, ఈడ గిట్ల తిరిగే బండి నా చేన్ల ఎందుకు తిరగదు?"

ఆయన అటూ ఇటూ చూశాడు.

"జర మెల్లగ మాట్లాడు. ఎర్రన్న నోటికాడి బువ్వ గుంజుకున్నది గీ బండే గద. ఉత్తగ ఇస్తే తీసుకోడు, నీకెరికే. మూల మిగిలితే ఎడ్లు మిగుల్తయి. నోరు మూసుకోని కూసో."

మూసుకున్నాను. ఆనాటి నుంచి మూలల గురించి హనోకన్నను అందరికంటే గట్టిగా తిట్టింది నేనే, ఎవరికీ అనుమానం రాకుండా.

ఆ తరువాతి ఎండాకాలం కామెర్లు వచ్చి హనోకన్న పోయాడు. నిజామాబాద్ పెద్ద దవాఖానలో చూపించినా లాభం లేకపోయింది. చర్చి నుంచి సమాధుల తోటకు ఆయన ట్రాలీలోనే ఆయన్ను తీసుకుపోయాం. తోట దగ్గర మలుపు బాగా ఇరుకు. నడుపుతున్నది హనోకన్న తమ్ముడు దేవదాస్. ఒక్క పట్టున తిప్పాడు. బండి మూలకు తిరిగింది. ట్రాలీ వెనక నడుస్తున్న ఎర్రయ్య అక్కడే ఆగిపోయి, ఆ మలుపునూ తిరిగిన బండినీ మార్చి మార్చి చూశాడు. నాకు దుఃఖం ఆగలేదు.

వానలు పడ్డాక ట్రాక్టరు దేవదాస్ చేతికి వచ్చింది. మూలమూలా దున్నిపెట్టాడు. "మా అన్నకు రాకపాయె గని, నాకొస్తది," అని మీసం తిప్పాడు. చెబుదామంటే హనోకన్నకు ఇచ్చిన మాట అడ్డం. ఎర్రయ్య ఎడ్లతో గెట్టు మీద నిలబడి చూసి, వాటిని మళ్లించుకుని పోయేవాడు. వచ్చే అంగడికి ఎడ్లను తోలుతున్నాడని తెలిసి నాకు అన్నం సయించలేదు.

అంగడికి ముందు ఎర్రయ్య ఎవరూ పిలవకుండానే హనోకన్న చేనుకు వచ్చి కాడి కట్టాడు. హనోకన్న భార్య కమలమ్మ గట్టున నిలబడింది. దేవదాస్, నేనూ అక్కడే ఉన్నాం. చేనంతా దున్ని, చివరి మూల వదిలేసి ఎడ్లను విప్పాడు.

"అన్నా, గా మూల ఉండిపాయె," అంది కమలమ్మ.

"నా ఎడ్లు తిరుగుతలేవు చెల్లే. కొంగను చూసి బెదిరినయి. దేవదాసును బండి తెమ్మను."

ఆ చేనులో కొంగ లేదు. కమలమ్మ ఏడుస్తుందనుకున్నాను. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. దేవదాస్ వదినను చూశాడు, ఎర్రయ్యను చూశాడు, ఆ మూలను చూశాడు. మీసం మీదికి పోతున్న చెయ్యి దించేశాడు.

మర్నాడు నా చేను వంతు. దేవదాస్ నడుమంతా దున్ని మూలకు ముందే బండి ఆపాడు.

"అన్నా, తిరుగుతలేదు," అన్నాడు నేల చూస్తూ. అబద్ధం అతనికింకా అలవాటు కాలేదు.

"నీ బండి పాడుగాను. అన్నదమ్ములిద్దరూ ఇద్దరే," అని గెట్టు అవతలికి వినపడేలా తిట్టాను. ఏడుపు ఆపుకుంటూ తిట్టడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

ఎర్రయ్య ఎడ్లను తోలుకుంటూ వచ్చాడు. మూలను ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, చాలా రోజులకు తీరిగ్గా నవ్వాడు.

"ఏం రా దేవదాసూ, మీ అన్న సుత గింత పెద్దది ఇడిశిపెట్టకపోయేటోడు," అని కాడి కట్టాడు.