సాలు పట్టి నాటిన గరిక

కోవిల్‌పట్టి పార్కును మూసేస్తారని తెలిసిన పూట వీరమ్మాళ్ పొయ్యి వెలిగించలేదు. ఆమె భర్త నల్లసామి పత్తి మిల్లులో దూది నుసి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. వాళ్లుండే సందులో గాలి ఆడదు. సాయంత్రం పార్కులో వేపచెట్టు కింది రాతి బల్ల మీద కూచుంటేనే అతని రొప్పు నెమ్మదించేది.

అది 1934. వానలు లేవు, తోటమాలిని పెట్టుకునే స్తోమత లేదు కనక గేటుకు తాళం వేస్తామంది పంచాయతీ బోర్డు. జవుళి కొట్టు లక్ష్మణసామి నడిపే పఠనాలయ సంఘం అడ్డుపడింది. ఒక్కో వీధివాళ్లు వారంలో ఒక్కో రోజు పార్కు చూసుకోవాలి; ఎండలు ముదిరే పంగుని నెలలో బోర్డు ప్రెసిడెంటు వచ్చి చూస్తాడు; బాగుంటేనే తెరిచి ఉంచుతారు. అదీ ఒప్పందం. వీరమ్మాళ్ వీధికి మంగళవారం వచ్చింది.

ఆ వీధి ఆడవాళ్లంతా నల్లరేగడి పల్లెల నుంచి వచ్చినవాళ్లే. మొదటి మంగళవారం కలుపు తొలికలు పట్టుకుని దిగారు. పార్కు నడుమ పరుచుకున్న గరికను చూస్తే వీరమ్మాళ్‌కు ఎన్నాళ్లనుంచో చేతులు దురద. పరాయి చోటని ఊరుకుంది. ఇప్పుడు చోటు తమది. సాయంత్రానికి గరికనంతా వేళ్లతో పెళ్లగించి గోడవారన కుప్ప పోసి, నేలను విత్తనానికి సిద్ధమైన చేనులా చేసేశారు.

లక్ష్మణసామి వచ్చి గేటులోనే నిలబడిపోయాడు.

"అక్కా, గరిక ఏది?"

"కలుపు తీస్తిమి తమ్ముడా. ఎంత సుద్దంగా ఉందో చూడు."

"అది కలుపు గాదక్కా! బోర్డోళ్లు నీళ్లు పోసి పెంచింది. ప్రెసిడెంటు చూసేదే దాన్ని!"

"గరికని పెంచేదా? బుద్ధుండేవోడు ఎవుడన్నా పెంచతాడా?"

"బుద్ధుండేదానివి నువ్వు పీకితివే. ఇంక తాళమే."

ఆమె బల్లవైపు చూసింది. అక్కడ కూచున్న నల్లసామి నవ్వబోయాడు, దగ్గు తెర కమ్మింది. అది తగ్గాక అన్నాడు:

"ఏమే, మన చేన్లో మాయమ్మ కాలంనుంచి పీకతా ఉంటిరే, చచ్చెనా ఆ గరిక? ఇక్కడ ఒక్క పూటకే చస్తాదా? మళ్లా నాటండి, పోండి."

నాటారు. నాటడమంటే వాళ్లకు సాలు పట్టి నాటడమే. మిరపనారు వేసినట్టు వరసలు తీశారు. తాగడానికే నీళ్లు చాలని రోజులవి. ఇంటింటి నుంచీ బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు తెచ్చి పోశారు.

పంగునిలో ప్రెసిడెంటు వచ్చాడు. పచ్చటి చారలు చూసి, "ఇదేం పైరయ్యా?" అని అరవంలో అడిగాడు.

"గరికేనండీ," అన్నాడు లక్ష్మణసామి తల వంచుకుని.

ప్రెసిడెంటు వరసల మధ్య కాస్త దూరం నడిచాడు. "కోతకొచ్చినప్పుడు కబురు పెట్టండి," అని నవ్వి, తాళంకప్పను సంఘం చేతికే ఇచ్చి వెళ్లాడు.

నల్లసామి ఆ బల్ల మీద ఒక వేసవి, ఒక వానాకాలం కూచున్నాడు. మార్గళి నెల చలిలో పోయాడు. కర్మలు ముగిసిన తరువాతి మంగళవారం వీరమ్మాళ్ కడవతో వచ్చింది. వరసలు ఎప్పుడో కలిసిపోయి నేలంతా ఒకటే పచ్చన.

"నువ్వెందుకొస్తివి అక్కా? ఇంక ఇక్కడ నీకు..." లక్ష్మణసామి ఆగిపోయాడు.

"మంగళారం మా వీధిది గదా."

బల్ల చుట్టూ నీళ్లు పోసింది. కూచోలేదు.