ఉప్పుటేరు ఒడ్డున రాహేలమ్మ

మొన్న ఆరాధన అయ్యాక మా మందిరం హాలులో పట్నం కుర్రవాళ్లు ఇద్దరు రబ్బరు బొమ్మను పడుకోబెట్టి, ఊపిరి ఆగిన మనిషికి ఏం చేయాలో సంఘస్థులకు నేర్పారు. రొమ్ము మీద నొక్కినప్పుడల్లా ఆ బొమ్మ టక్కుమంటోంది. వెనక బల్ల మీద కూర్చున్న నాకు ఆ చప్పుడు వినేకొద్దీ మోచేతుల్లోకి పాత అలసట దిగింది. రాహేలమ్మగారు నొక్కిన నాడు అంత శుభ్రమైన చప్పుడు రాలేదు.

పంతొమ్మిది వందల అరవైల్లో, నేను వయసులో ఉన్నప్పుడు, నన్ను విడవలూరు దాపున ఒక చేపలవాళ్ల పల్లెకు బోధకుడిగా పంపారు. రాహేలమ్మగారు అక్కడి చిన్న ఆసుపత్రిలో నర్సు. నాకంటే చాలా పెద్దది, మాట కటువు. మొదటి వారంలోనే, కాలు కాల్చుకున్న పిల్ల పక్కన నేను మోకరించి కళ్లు మూసుకున్నాను. ఆమె గుడ్డ చుడుతూ, "కళ్లు తెరిచే ప్రార్థన చేయండి అయ్యగారూ. ఆ కాలు కదలకుండా పట్టుకోండి. దేవుడేం అనుకోడులే" అంది. నాకు కోపం వచ్చింది. అయినా కాలు పట్టుకున్నాను.

తరువాతి ఏడు ఎండాకాలంలో వెంకటయ్య బాప్తిస్మం అడిగాడు. వల లాగి బతికిన మనిషి, యాభై దాటినవాడు. భార్య పోలమ్మ మాత్రం సంఘంలో చేరలేదు. "నీకు కావాలంటే మునుగు. నేను ఒడ్డున ఉంటా" అన్నది. ఉప్పుటేటిలో నేనే అతన్ని ముంచి లేపాను. నవ్వుతూ ఒడ్డుకు నడిచాడు, ఇసుకలో కూర్చున్నాడు, పక్కకు ఒరిగిపోయాడు. వెళ్లి చూస్తే ఊపిరి లేదు.

సంఘపెద్ద దావీదుగారు చేతులెత్తి పాట అందుకున్నారు. నీళ్లలోనుంచి నేరుగా ప్రభువు దగ్గరికి పోయినాడు, ధన్యుడు అన్నారు. అందరూ కళ్లు మూసుకుని చుట్టూ నిలబడ్డారు. రాహేలమ్మగారు వాళ్లను మోచేత్తో తోసుకుంటూ వచ్చి, వెంకటయ్యను వెల్లకిలా తిప్పి, రొమ్ముకు అరచేతులు ఆనించింది. అప్పటికి కొద్ది రోజుల ముందే మద్రాసు వెళ్లి ఆ కొత్త పద్ధతి నేర్చుకొచ్చింది.

"అయ్యగారూ, మీరు నోట్లో ఊదండి. తల వెనక్కి వంచండి. ముక్కు మూయండి, గాలి బయటికి పోతా ఉండాది."

ఊదాను. అతని నోటిలో ఉప్పు, పొగాకు. ఆమె చేతుల కింద ఎముక విరిగిన చప్పుడైంది. పోలమ్మ, "ఎందుకమ్మా ఆయన్ని అట్టా కుమ్ముతా ఉండావు?" అని ఏడ్చింది.

"లోపల గుండె నిద్రపోయినాది పోలమ్మా. లేపతా ఉండా."

చాలాసేపయ్యాక దావీదుగారు వంగి, "ఇంక చాలమ్మా, ప్రభువు పిలుచుకున్నాడు" అన్నారు.

ఆమె నొక్కడం ఆపలేదు. "పిలిచింది మీకు వినపడిందేమో. నాకింకా వినపడలా. పాట ఆపి ఎవరన్నా నాకు చేయి మార్చండి."

పాట ఆగింది. ఒక పడవవాడు వచ్చి ఆమె చూపినట్టు నొక్కాడు, మళ్లీ ఆమె, ఆ తరువాత నేను. ఏటిలో తడిసిన నా గుడ్డలు ఒంటి మీదే ఆరిపోయాయి. చివరకు ఆమె వెంకటయ్య రొమ్ముకు చెవి ఆనించి, అలాగే ఉండి, లేచింది.

"పోయినాడు పోలమ్మా."

అరుపు వస్తుందనుకున్నాను. పోలమ్మ ఇసుకలో పాక్కుంటూ వచ్చి, కొంకర్లు పోయిన రాహేలమ్మగారి వేళ్లను ఒక్కొక్కటిగా చాపి పిసకసాగింది. "ఊరికే పోనియ్యలా నువ్వు" అన్నది. రాహేలమ్మగారు తల వంచుకుని చేతులు ఆమెకే వదిలేసింది.

తిరిగి వస్తూ అడిగాను, "అంతసేపూ ప్రార్థన చేశారా?"

"మీరు ఊదతా ఉన్నారు కదా. అది ప్రార్థన కాకపోతే ఏంది మరి?" అంది.

ఆ తరువాత ఎన్నో మంచాల పక్కన మోకరించాను. కొందరు లేచారు, ఎక్కువమంది లేవలేదు. దేవుని చిత్తం అనే మాట నేను విడవలేదు, విడవను. కానీ దాన్ని చివర పలకాలని నేర్చుకున్నాను. అంతకుముందు దిండు ఎత్తు చేయాలి, నోట్లో చెంచాడు నీళ్లు పోయాలి, కాళ్లు పట్టాలి. ఇప్పుడు ముసలివాణ్ణి, త్వరగా అలసిపోతున్నాను. అయినా రోగి పక్కనుంచి లేచేటప్పుడు నా చేతులు నొప్పి పుట్టకపోతే, ప్రార్థన సగంలోనే ఆపేశానేమో అనిపించి మళ్లీ కూర్చుంటాను.