నేను తాగని నీళ్ళు

మొన్న ఈస్టరు వెళ్ళిన గురువారం, పగలు పదకొండు గంటలకు ఇది జరిగింది. ఎండ మండిపోతోంది. చీకటి లేదు, గాలి లేదు, కుక్క ఏడవలేదు. నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాను. నమ్మేవాళ్ళను మొహం మీదే తిట్టిన మనిషిని.

నాకు డెబ్బై ఏళ్ళు. పలాసలో జీడిపిక్కలు కొట్టి బతికాను. అక్షరాలు నలభై దాటాక రాత్రిబడిలో నేర్చుకున్నాను. చిన్నప్పుడు మా అమ్మ నన్ను బడి గడప తొక్కనివ్వలేదు. ఎందుకమ్మా అంటే చీపురు తీసేది. మా అక్క రూతమ్మను మాత్రం బోర్డింగులో వేశారు. అక్కను మేం అప్ప అంటాం. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. ఆ బోర్డింగు టెక్కలి అవతల ఉంది. ఊరి పేరు రాయను.

నా పేరు తవిటమ్మ. ఈ పేరు వింటే మా వైపు ఎవరైనా చెప్పేస్తారు, ముందు పుట్టిన పిల్ల దక్కలేదని. తర్వాత పుట్టిన బిడ్డను పొరుగింటికి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంటారు. చావు కంట పడకూడదని. యేసును నమ్ముకున్నా మా అమ్మ ఆ పని మానలేదు. ముందరి పిల్ల పురిట్లోనే పోయిందని చెప్పేది.

రెండేళ్ళుగా అప్పకు జ్ఞాపకాలు కలిసిపోతున్నాయి. బోర్డింగు పంతులమ్మ ఒకరోజు దేవత, మర్నాడు రాక్షసి. నుయ్యి ఒకసారి ఇంటి ముందు, ఒకసారి వెనక. ఒక్క సంగతి మాత్రం మారదు. మా పేట పిల్లలు అక్కడ నూతి తాడు ముట్టకూడదు. ఎవరైనా తోడి పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలి. పాట పాడేది అందరూ ఒక్క దేవుడికే. తాడు దగ్గర మాత్రం వేరు.

ఆ మాట అయ్యాక నా చెయ్యి పట్టుకునేది. "నీకు జొరం కాసిన్నాడు నీలడిగినావు. తాడు ముడితే ఇంటికి తోలేత్తామన్నారు. బయమేసి ఉత్త సెంబుతో వొచ్చీసినాను. సెమించినానని ఒక్క మాట అనే."

"సెమించడానికి నానక్కడుంటే గదే! అప్పటికి నాను పుట్టనే నేదు. నీ బుర్ర తుప్పట్టిపోనాదప్పా" అనేదాన్ని. అబద్ధమాడి ఓదార్చడం నాకు చేతకాదు.

గుడ్ ఫ్రైడే నాడు అప్ప ఉపవాసం పట్టింది. పండగ వెళ్ళిపోయినా విడవలేదు. క్షమించానని నేను అనేదాకా నీళ్ళు ముట్టనంది. మాత్రతో ఒక గుక్క, అంతే. ఇలాగే ఉంటే కిడ్నీలు ఆగిపోతాయని డాక్టరు చెప్పేశాడు. ఇంటికొక కిడ్నీ రోగి ఉండే మా ఉద్దానంలో ఆ మాట విన్నాక ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

అప్ప కొడుకు డేవిడు ఆటో నడుపుతాడు. "ఒక్కపాలి ఆ బోర్డింగు సూపించీద్దాం పిన్నీ. కల్లతో సూత్తే అమ్మకే తెలుత్తాది" అన్నాడు.

బోర్డింగు మూతపడి చాలా కాలమైంది. కాపలా ఉంటున్న పోలమ్మ గేటు తీసింది. అప్ప చెప్పినవేవీ అక్కడ లేవు. ఎత్తు మెట్లు అంది, లేవు. నుయ్యి ముందు లేదు, వెనకా లేదు. అప్ప కొడుకు చెయ్యి పట్టుకుంది. "ఇది కాదురా డేవిడూ, నన్ను మరో దగ్గిరికి తెచ్చినావు" అని ఏడుపు.

నాకు విసుగొచ్చింది. "నుయ్యి వంటసాలకి పడమటేపు గదే" అన్నాను.

అన్నాకే తట్టింది. నేను అంతకుముందు ఆ ఊరు వెళ్ళలేదు. వంటశాల ఏదో కూడా ఎవరూ చూపించలేదు.

పోలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నీకెలాగ తెలుసునే మామ్మా? నాను కాపరానికి రాకముందే దాన్ని మూసీసినారు." పడమటి గోడవైపు నడిచి కొబ్బరి మట్టల మోపు లాగేసింది. కింద గుండ్రటి గట్టు, దాని మీద సిమెంటు పలక.

అప్ప ఆ గట్టు పక్కన కూలబడింది. "ఉత్త సెంబే తెచ్చినానే" అంది.

"ఉత్త సెంబు కాదప్పా. కాలవలో పరికిణీ తడుపుకొని వొచ్చినావు. నా నోట్లో పిండినావు. సల్లగుండీది."

ఈ మాటలు నా నోటి నుంచే వచ్చాయి. అనుకొని అన్నవి కావు, జాలిపడి అన్నవీ కావు. డేవిడు విన్నాడు, పోలమ్మ విన్నది.

అప్ప నా మొహం చూసింది. "అది మురుగు నీరే. దానికే సచ్చిపోనావనుకున్నాను. అందుకే ఎవులికీ సెప్పనేదు" అంది. కొడుకు వైపు చెయ్యి చాపింది. "నీలియ్యిరా." సీసా ఎత్తి సగం తాగింది.

వచ్చేటప్పుడు ఆటోలో అడిగాను, మనిద్దరి మధ్యన ఇంకో పిల్ల ఉండేదా అని. "ఇంకో పిల్లేటే? నువ్వే గదా" అంది.

మా అమ్మ, నాన్న పోయి ఎన్నో ఏళ్ళయింది. అడగడానికి పెద్దవాళ్ళు లేరు. నా పసితనంలో అప్పే ఎప్పుడో కలవరించిందేమో, నా చెవిన పడిందేమో అనుకుని చూశాను. అయితే పడమటి దిక్కు అప్పకే గుర్తు లేదు కదా. పాస్టరుగారు దేవుని కృప అన్నారు. ఆయనకూ తెలియదని ఆయన మొహమే చెప్పింది. అప్ప ఇప్పుడు నీళ్ళు బాగానే తాగుతోంది. చెంబు ఎత్తితే నాకే తడి గుడ్డ వాసన కొడుతోంది.

ఆ రోజు అక్కడున్నవాళ్ళం మా అప్ప రూతమ్మ, ఆమె కొడుకు డేవిడు, కాపలా పోలమ్మ, తవిటమ్మ అనే నేను. ఐదో పేరు నాకు తెలియదు. అప్పను అడిగితే నా పేరే చెబుతుంది.