జ్వరం వచ్చిందని చెప్పిన శనివారం

మొన్న శనివారం సాయంత్రం మనుమరాలు టీవీలో ఆడవాళ్ళ టెన్నిస్ ఫైనల్ పెట్టి, వంటింట్లో ఉన్న నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఒకప్పుడు నాకు ఆ ఆటంటే ఎంత పిచ్చో వాళ్ళ నాన్న చెప్పాడట. ఓడిపోయిన అమ్మాయి తువ్వాలులో ముఖం దాచుకుంటుంటే నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆట చూసే కళ్ళు చెమర్చాయని మనుమరాలు అనుకుంది. నేను కాదనలేదు.

మాది గద్వాలలో మగ్గం నేసే ఇల్లు. నాన్న చీర అంచు నేస్తుంటే పక్కన కూర్చుని, నూలు చుట్టుకొచ్చిన పాత పత్రికల్లో ఆటల పేజీ వెతికి చదివేదాన్ని. అలాంటి ఒక కాగితంలోనే ఆ విదేశీ క్రీడాకారిణి బొమ్మ దొరికింది. రెండు కాళ్ళూ గాలిలో, ఒంటిచేత్తో విసిరిన రాకెట్. దాన్ని నా ట్రంకుపెట్టె మూత లోపల అంటించుకున్నాను. వ్యాయామం టీచరుగా తెలకపల్లి దగ్గరి బడిలో చేరి, నాగర్‌కర్నూలులో గది అద్దెకు తీసుకున్నప్పుడు పెట్టెతో పాటు ఆమె కూడా నా వెంట వచ్చింది. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో టెన్నిస్ ఎప్పుడో ఒకసారి టీవీలో వచ్చేది, అదీ కరెంటు దయతలిస్తేనే.

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది, కౌలు రైతు కూతురు. నెట్టుకు అటూ ఇటూ నిలబడి రబ్బరు రింగును నేలకు తగలకుండా పట్టి విసిరే ఆటలో ఆ పిల్ల ఎడమచెయ్యి ఎటు చాస్తే రింగు అటే వచ్చేది. జిల్లా జట్టు ఎంపిక మహబూబ్‌నగర్‌లో ఆదివారం పొద్దున. ముందురోజే బస్సెక్కి అక్కడ ఉండాలి. విత్తనాలు వేసే రోజులు కావడంతో వాళ్ళ నాన్న మొదట ఒప్పుకోలేదు. నేను పొలం దాకా వెళ్ళి అడిగితే, "మీరే ఎంబడుండి తోలుకపోతె పంపుత టీచరమ్మా, ఇంకొకరి ఎంబడైతె వద్దు" అన్నాడు.

ఆ శనివారం సాయంత్రమే ఫైనల్. నా పెట్టె మూతలో ఉన్నామె ఆడుతోంది, ఇదే ఆమెకు ఆఖరి ఫైనల్ కావచ్చని పత్రికలో రాశారు. వారమంతా లోలోపల కొట్టుమిట్టాడి, శనివారం ఒంటిపూట బడి విడిచాక, బట్టల సంచితో సిద్ధంగా నిలబడ్డ ఆ పిల్లతో నాకు జ్వరం వచ్చిందనీ, ప్రయాణం నా వల్ల కాదనీ, వచ్చే ఏడు తప్పకుండా పోదామనీ చెప్పాను. "జర పండుకోండ్రి టీచర్" అని మాత్రం అంది.

సాయంత్రం నా గదిలో, టీవీలో మూడో సెట్ నడుస్తోంది. ఆమె ఒక పాయింటు గెలవగానే నేను లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాను. దగ్గరగా వేసిన తలుపు తోసుకుని ఆ పిల్లా, వాళ్ళ నాన్నా లోపలికి వచ్చారు. ఆయన చేతిలో నాలుగు బత్తాయిలూ, ఒక బ్రెడ్డు ప్యాకెట్టూ ఉన్నాయి. నన్ను చూడడానికే ఊరి నుంచి బస్సెక్కి వచ్చారు. ఒక్క చూపులో ఆయనకు అంతా అర్థమైంది. అయినా తల దించుకుని, నిలబడి ఉన్న నాతోనే, "లెవ్వకండ్రి టీచరమ్మా, జర చూసిపోదమని వచ్చినం" అన్నాడు.

ఆ పిల్ల గడప దగ్గరే నిలబడి టీవీ వైపు చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి మెల్లగా, "గామెను గాడికి ఎవరు తోలుకపోయిన్రు టీచర్?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "తెల్వదు బిడ్డా" అన్నాను.

గెలవాలని నేను కోరుకున్న ఆమే గెలిచింది. ఆమె కప్పు ఎత్తేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ బత్తాయిలను తినలేక, పారేయలేక, ఎండిపోయేదాకా గూట్లోనే ఉంచాను.

సోమవారం ఆ పిల్ల ఎప్పటిలాగే మైదానంలో సున్నంతో గీతలు వేసింది.  నన్నొక మాట అని ఉంటే బాగుండేది. మరుసటి ఏడు మళ్ళీ పొలానికి వెళ్తే వాళ్ళ నాన్న మర్యాదగా మంచినీళ్ళిచ్చి, "పత్తిల పని శాన ఉంది టీచరమ్మా, పిల్ల రాదు" అన్నాడు. పదో తరగతితో ఆ పిల్ల ఆట ఆగిపోయింది. వెళ్ళి ఉంటే ఎంపికయ్యేదో లేదో తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

కొన్నేళ్ళ క్రితం నాగర్‌కర్నూలు బస్టాండులో ఆ పిల్లే కనిపించింది, పక్కన కూతురు. "మా ఆటల టీచర్. నాకు రింగు పట్టుడు నేర్పింది ఈమెనే" అని కూతురికి గొప్పగా చెప్పింది. పానం మంచిగుందా అని నన్ను అడిగింది. అప్పుడైనా నా తప్పు ఒప్పుకోవలసింది. మంచిగనే ఉందని చెప్పి, ఎదురుగా ఆగిన బస్సు ఎక్కేశాను. అది నేను వెళ్ళవలసిన ఊరి బస్సు కూడా కాదు.

ఇప్పుడు ఏ మ్యాచైనా తెల్లారి ఫోనులో చూసుకోవచ్చు, నచ్చిన పాయింటును ఎన్నిసార్లైనా వెనక్కి తిప్పుకోవచ్చు. ఆ రోజుల్లో తప్పిపోయిన ఆట తప్పిపోయినట్టే కదా అని చాలాకాలం నన్ను నేను సమర్థించుకున్నాను. నిజమే. మహబూబ్‌నగర్ మైదానంలో ఆ ఆదివారం పొద్దున కూడా అంతే.