శుక్రవారం చూపించిన గాలా

పాస్టరు కళ్లలో కారం కొట్టి గాలా కిరాయికిచ్చిన మనిషిని చూడాలనుంటే నిజాంపురాలో మా కిరాణా కొట్టుకు రండి. కౌంటరు వెనక కూర్చునేది నేనే.

కొట్టు వెనక మాకొక గాలా, అంటే కిరాయికిచ్చే రేకుల గది, ఉంది. గోడకు అవతల పన్నెండు సాంచాలు, అంటే మరమగ్గాలు, పొద్దస్తమానం ఆడుతుంటాయి. అందుకే అందులో ఎవరూ నెల నిలవలేదు. భీవండిలో సాంచాలు ఆగేది శుక్రవారం. ఆరాధనకు చోటు వెతుకుతున్న పాస్టరును నేను రమ్మన్నది శుక్రవారం మధ్యాహ్నం.

"ఎంత నిమ్మళంగ ఉన్నదో జూడుండ్రి అయ్యగారూ" అన్నాను. రేకుల మీద పావురం నడిస్తే వినబడుతోంది.

"పక్కకెవరుంటరు చెల్లే?"

"మనూరోల్లే. మంచోల్లు."

ఉండవలసిన కిరాయి మీద అయిదు వందలు ఎక్కువ చెప్పి, బేరంలో మూడు మెట్లు దిగడానికి సిద్ధంగా నిలబడ్డాను. ఆయన "సరే" అన్నాడు. ఎవరైనా అట్ల అంటారా? ఇంకా ఎక్కువ చెప్పనందుకు రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

ఆదివారం వచ్చింది. పాట మొదలైంది, సాంచాలూ మొదలయ్యాయి. ఆయనిచ్చిన డిపాజిట్ ఎట్ల తిరిగివ్వకుండా ఉండాలో ఆలోచిస్తూ చక్కెర బస్తా చాటున కూర్చున్నాను. ఆరాధన అయ్యాక ఆయన కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"చెల్లే, మనూరోల్లు మంచోల్లే. కాకపోతే జర గట్టిగ మాట్లాడుతరు."

అంతే, సబ్బు కొనుక్కుని వెళ్లిపోయాడు. మరుసటి వారం నుంచి ఆరాధన శుక్రవారానికి మార్చాడు. సాంచాల కార్మికులకు సెలవు ఆ రోజే కాబట్టి వాళ్లూ వచ్చారు. నేను అంటగట్టిన శుక్రవారంతోనే ఆయన గాలా నింపుకున్నాడు.

మిగతా రోజుల్లో సాంచాల షెడ్డుకు వెళ్లేవాడు. ఆ మోతలో అరిచినా లాభం లేదు. అందుకని అక్కడివాళ్లు గొంతు తీయకుండా పెదాలు పెద్దగా కదిలిస్తూ, కనుబొమ్మలు ఎగరేస్తూ మాట్లాడుకుంటారు. పోగు తెగిందన్నా, సేటు వస్తున్నాడన్నా అట్లాగే. పాస్టరు ఏడాదిలో ఆ మాట పట్టుకున్నాడు.

మా బాపు ముప్పై ఏళ్లు సాంచాలు నడిపి, చెవులు పోగొట్టుకుని ఈ కొట్టు పెట్టాడు. ఆయనకు వినబడదు కాబట్టి చిన్నప్పటి నుంచీ బేరాలన్నీ నావే. నన్ను షెడ్డు గడప తొక్కనివ్వలేదు, ఆ మాట నాకు రాలేదు. ఇంట్లో అందరం ఆయన మీద అరిచేవాళ్లం. దేనికైనా తల ఊపి ఊరుకునేవాడు. మాట్లాడటమే మానేశాడు.

ఒకరోజు నేను పప్పు తూస్తుంటే పాస్టరు స్టూలు మీదున్న బాపు వైపు తిరిగి పెదాలు కదిలించాడు. బాపు పకపకా నవ్వాడు. ఆ నవ్వు నేను విని ఎన్నేళ్లయిందో.

"ఏమన్నరు అయ్యగారూ?"

"నీ బిడ్డ కాంట మీద వేలు పెడుతున్నదే అన్నా, అని."

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం ఇద్దరూ చప్పుడు లేకుండా ముచ్చట పెట్టేవాళ్లు. బాపు నుదుట బొట్టు అట్లాగే ఉంది, పాస్టరు తీయమని అననూ లేదు. నాకు మాత్రం కడుపు మండేది. సొంత తండ్రి ముచ్చట నాకు తెలియదు, కిరాయిదారుకు తెలుస్తోంది.

ఈ వానాకాలంలో ఒక మంగళవారం పాస్టరు గుండె ఆగిపోయింది. కబురు నాకు చేరింది, బాపుకు ఎట్ల చెప్పాలో తోచలేదు. ఇంతలో పాస్టరు పోయినందుకు పక్క సేటు సాంచాలు ఆపించాడు. బాపుకు చెవులు లేకపోయినా కాళ్లున్నాయి. నేల అదరడం ఆగగానే తల ఎత్తాడు.

"ఇయ్యాల శుక్కురారం గాదు గద బిడ్డా?"

అరుద్దామని నోరు తెరిచాను. బజారంతా వినేట్టు అరిచి చెప్పే మాట కాదది. ఇన్నాళ్లు చూసింది గుర్తు చేసుకుని, గొంతు తీయకుండా పెదాలు కదిలించాను.

అయ్యగారు పోయిండ్రు.

బాపు నా నోటివంక చూశాడు. కళ్లు తుడుచుకుని, "నోరు ఇంకింత పెద్దగ తెరువాలె. మల్ల చెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను. మూడోసారికి తల ఊపాడు. ఈసారి అది ఊరికే ఊపడం కాదు.

ఇప్పుడు సాయంత్రాలు నా వంతు. నాది ఇంకా నత్తి పెదాలేనని బాపు వెక్కిరిస్తాడు.

కొత్త పాస్టరుకు గాలా బుధవారం చూపించాను, సాంచాలు ఆడుతుండగా. సరైన కిరాయి మీద అయిదు వందలు తక్కువ చెప్పాను. ఆయన ఇంకా తగ్గించమన్నాడు. ప్రాణం లేచొచ్చింది, కానీ తగ్గించలేదు.

ఇక బిల్లు. పాత పాస్టరు దగ్గర ఎక్కువ తీసుకున్నది నెలకు అయిదు వందలు, ఏడేళ్లకు నలభై రెండు వేలు. బాపు నవ్వుకు రేటు కట్టడం నాకు చేతకాలేదు, అందుకే అది ఇందులో వేయలేదు. కొత్తాయన వచ్చి మూడు నెలలు. ఆయనకు తగ్గించిన లెక్కన ఇప్పటికి తీరింది పదిహేను వందలు.